పొగగొట్టం ఖర్చు

పోయిన దసరాకి రాజమండ్రి వెళ్ళినప్పుడు మా ఫ్లాట్లో వంటింటి చిమ్నీ శుభ్రం చెయ్యడానికి ఒక కుర్రాణ్ణి పిలిచాను. నలభై నిమిషాల పని. ఫిల్టర్లు విప్పి, వేణ్ణీళ్ళలో ఏదో పొడి కలిపి నానబెట్టాడు. నూనె కారే గిన్నె ఖాళీ చేశాడు. మోటారు ఫ్యాను మీద అట్టకట్టిన జిడ్డు గీకి తుడిచాడు. 850 రూపాయలన్నాడు. నేను ఫోన్ తీసి స్కాన్ చెయ్యబోతుంటే మా అమ్మ అడ్డొచ్చింది.

"ఎనిమిది వందల యాభయ్యా! కాస్త సోడా వేసి నేను కడుక్కోలేనూ?"

"కడుక్కోవచ్చండి, మోటారు విప్పడమే కష్టమండి," అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

నాకు ఇంకో అనుమానం వచ్చింది. చిమ్నీ వెనక నించి గోడలోకి పోయే గొట్టం ఉంది కదా, దాని సంగతేమిటని అడిగాను. అది సర్వీసులోకి రాదట. అపార్టుమెంటు కట్టినప్పుడు పెట్టింది పెట్టినట్టే ఉంటుందట. "దాన్ని ఎవరూ చూడరా?" అంటే, "ఆయ్, ఎవరూ చూడరండి," అన్నాడు, అదేదో భరోసా ఇస్తున్నట్టు.

అతను వెళ్ళాక అమ్మ చాలాసేపు ఆ 850 దగ్గరే ఉండిపోయింది. చివరికి అంది: "మా అమ్మకి ఎవరిచ్చార్రా ఎనిమిది వందల యాభై?"

ఆ వారంలోనే డాలస్‌లో ఉండే మా పెద్దనాన్నగారి అబ్బాయితో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. అన్నయ్యా వదినా ఈమధ్యే పాత ఇల్లొకటి కొన్నారు. హాల్లో ఫైర్‌ప్లేస్ ఉంది. చలి మరీ ఎక్కువైనప్పుడూ, చుట్టాలొచ్చినప్పుడూ, మొత్తమ్మీద ఏడాదికి రెండు మూడు సార్లు వెలిగిస్తారట. దాని గొట్టం దులిపి, లోపలికి కెమెరా దింపి పగుళ్ళున్నాయేమో చూసి, ఫొటోలతో రిపోర్టు ఇచ్చినందుకు 320 డాలర్లు తీసుకున్నారన్నాడు. అక్కడ దీనికి ఒక పద్ధతి ఉంది. ఎన్.ఎఫ్.పి.ఏ. అనే అగ్నిప్రమాద నివారణ సంస్థ వాళ్ళ 211వ నంబరు ప్రమాణం ప్రకారం చిమ్నీని ఏడాదికోసారి తనిఖీ చెయ్యాలి. తనిఖీలో మూడు స్థాయిలు. మామూలుగా అయితే కంటికి అందినంత మేర చూస్తారు. ఇల్లు చేతులు మారినా, పొయ్యి మార్చినా లోపలంతా కెమెరాతో చూస్తారు. అనుమానం గట్టిగా ఉంటే గోడ పగలగొట్టి చూస్తారు. కట్టె కాలిన పొగలోంచి క్రియోసోట్ అనే తారులాంటి పదార్థం గొట్టం లోపలి వైపున పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఏదో ఒక రోజు గొట్టంలోనే అది అంటుకుంటుంది. అందుకే అంత జాగ్రత్త, అందుకే ఆ డబ్బు.

ఏడాదికి రెండు సార్లు వెలిగే పొయ్యికి 320 డాలర్లు. మా అమ్మమ్మ రోజుకి రెండు పూటలా యాభై ఏళ్ళ పైన వెలిగించిన పొయ్యికి సున్నా. ఆ సున్నా ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దామని బయల్దేరాను.

*

అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, అమలాపురానికి పది కిలోమీటర్ల లోపు. పెంకుటిల్లు, వెనక విడిగా వంటిల్లు. ఆ వంటింట్లో నేను చూసిన మొదటి గొట్టం పొగని బయటికి పంపేది కాదు, ఊదుగొట్టం. మంటకి గాలి పంపే గొట్టం ప్రతి ఇంట్లోనూ ఉంది, పొగకి దారి చూపే గొట్టం ఏ ఇంట్లోనూ లేదు. పెంకుల మధ్య సందులు, గోడకి పైన వదిలిన రెండు కంతలు, తలుపు, ఇవే పొగ దార్లు. తాటాకిళ్ళల్లో కంతలు కూడా ఉండేవి కావు. పొద్దుటిపూట పొగ తాటాకు పొరల్లోంచి ఊరి, కప్పు మొత్తం ఆవిర్లు కక్కుతున్నట్టు కనిపించేది.

గొట్టం లేకపోవడం మనవాళ్ళ తెలివితక్కువతనం అని నేననుకోను. తాటాకు కప్పులోంచి గొట్టం లేపితే ఒక్క నిప్పురవ్వ చాలు, వేసవిలో వాడవాడంతా తగలబడిపోతుంది. పైగా పొగతో లాభాలూ ఉన్నాయి. పొగ పట్టిన తాటాకుకీ వెదురుకీ పురుగు తొందరగా పట్టదు. దోమలు దగ్గరికి రావు. విత్తనానికి వదిలేసిన బీరకాయలూ ఆనపకాయలూ మా అమ్మమ్మ వంటింటి వాసాలకే వేలాడేవి. ఇంటికీ విత్తనానికీ పొగ మంచిదే. నష్టమంతా మనిషికే, అదీ ఇంట్లో ఒక్క మనిషికి.

కోనసీమలో వంటచెరుకు కొననక్కర్లేదు. కొబ్బరి డొక్కలు, మట్టలు, ఎండిన కమ్మలు, పిడకలు. డబ్బు ఖర్చు లేదు కాబట్టి ఖర్చే లేదనుకుంటాం. శ్రావణ భాద్రపదాల్లో తడిసిన డొక్క పొయ్యిలో పెడితే ఎంత పొగ వస్తుందో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పనక్కర్లేదు. పొమ్మనలేక పొగబెట్టడం అని మనకో సామెత ఉంది. పొగ పెడితే ఎవరైనా లేచిపోతారన్న అనుభవం లోంచి పుట్టిన మాట అది. అన్నం ఉడికేదాకా లేవడానికి వీల్లేని మనిషి ఆ సామెత చేసినవాళ్ళకి తట్టినట్టు లేదు.

మా అమ్మకి చిన్నప్పుడు 'చిమ్నీ' అన్న మాట తెలుసు, కానీ దానికి పొయ్యితో సంబంధం లేదు. చిమ్నీ అంటే లాంతరు గ్లాసు. సాయంత్రం దీపాలవేళకి ముందు చిమ్నీలు తుడిచే పని ఆవిడది. కారణం ప్రతిభ కాదు, చెయ్యి చిన్నది. పెద్దవాళ్ళ చెయ్యి గ్లాసులోకి పట్టదు. మెత్తటి బూడిద గుడ్డకద్ది, లోపలికి వేళ్ళు పోనిచ్చి గుండ్రంగా తిప్పాలి. పగిలితే వీపు చిట్లుతుంది, చెయ్యి తెగుతుంది. అమ్మ కుడి చేతి బొటనవేలి మొదట్లో ఇప్పటికీ ఒక తెల్లటి గీత ఉంది. ఎనిమిదేళ్ళ వయసులో పడింది.

సరిగ్గా ఎనిమిదేళ్ళు. ఈ అంకె నాకు ఇంకో చోట కనిపించింది.

1788లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఒక చట్టం, ఎనిమిదేళ్ళు నిండని పిల్లల్ని చిమ్నీలు దులిపే పనిలో పెట్టుకోకూడదని చెప్పింది. అంటే ఎనిమిది నిండితే పెట్టుకోవచ్చు. లండన్ ఇళ్ళల్లో బొగ్గు పొయ్యిల గొట్టాలు ఇరుకు. కొన్ని తొమ్మిది అంగుళాల చదరం మాత్రమే. మలుపులు తిరుగుతూ మూడు నాలుగు అంతస్తులు పైకి పోతాయి. వాటిలోకి పిల్లల్ని ఎక్కించేవారు. మోకాళ్ళూ మోచేతులూ ఊతంగా పాకుతూ, నెత్తి మీద బ్రష్షుతో మసి రాలుస్తూ వాళ్ళు పైకి పోవాలి. 1775లోనే పెర్సివల్ పాట్ అనే సర్జన్, ఈ పనిచేసి పెద్దయిన వాళ్ళకి వృషణాల దగ్గర ఒక రకం కాన్సర్ వస్తోందనీ, దానికి కారణం మసేననీ రాశాడు. ఒక వృత్తికీ ఒక కాన్సర్‌కీ సంబంధం చూపించిన తొలి పరిశీలనగా వైద్యచరిత్రలో దాన్ని చెప్పుకుంటారు. విలియం బ్లేక్ ఈ పిల్లల మీద రెండు పద్యాలు రాశాడని ఇంగ్లీషు లిటరేచర్ చదివినవాళ్ళకి తెలుసు. ఇంజనీరింగ్ చదివిన నాకు వేరే సంగతి ఆసక్తిగా తోచింది.

పిల్లల అవసరం లేకుండా చెయ్యగల యంత్రం 1803 నాటికే ఉంది. జార్జ్ స్మార్ట్ అనే ఆయన, ఒకదానిలో ఒకటి గుచ్చుకునే కర్రగొట్టాల చివర బ్రష్షు పెట్టి తయారుచేశాడు. 1828లో జోసెఫ్ గ్లాస్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. ఇప్పుడు వాడే బ్రష్షులు కూడా ఇంచుమించు ఆ పద్ధతివే. అయినా పిల్లలు గొట్టాల్లోకి ఎక్కుతూనే ఉన్నారు. 1819లో వచ్చిన నిషేధం బిల్లుని హౌస్ ఆఫ్ లార్డ్స్ నిలిపేసింది. మలుపులున్న పాత గొట్టాల్లోకి బ్రష్షు పోదనీ, పోవాలంటే గోడలో తలుపులు పెట్టించాలనీ, అదంతా ఇంటివాళ్ళకి ఖర్చనీ అభ్యంతరం. 1840లో ఇరవై ఒక్కేళ్ళ లోపు వాళ్ళెవరూ ఎక్కకూడదని చట్టం వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. 1864లో ఇంకో చట్టం, అదీ అంతే. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్ ఆస్పత్రి చిమ్నీలోకి ఎక్కించిన జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ళ పిల్లవాడు లోపల ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు, బతకలేదు. ఎక్కించినవాడికి ఆరు నెలల కఠినశిక్ష పడింది. ఆ ఏడే, చిమ్నీలు దులిపేవాళ్ళు ఏటా పోలీసుల దగ్గర అనుమతి తీసుకోవాలని చట్టం చేశారు. దాంతో ఆగింది.

యంత్రం వచ్చిన డెబ్భై రెండేళ్ళకి. అంతకాలం చిమ్నీ దులపడం చవగ్గా ఉండడానికి కారణం ఆ పని చవకైనది కావడం కాదు. ఖర్చులో పెద్ద వాటా ఇంటివాళ్ళు కట్టే బిల్లులోకి రాలేదు, పిల్లల ఒంటి మీద పడింది. మా డాలస్ అన్నయ్య కట్టే 320 డాలర్లు చూసి మొదట నవ్వుకున్నాను గానీ, ఈ చరిత్ర చదివాక, కట్టేవాడి చేత పూర్తి ధర కట్టించడం ఇదేనేమో అనిపించింది.

*

మళ్ళీ మన వైపు వద్దాం. పొగలేని పొయ్యి గురించి ఈ దేశంలో మొట్టమొదట గట్టిగా ఆలోచించిన వాళ్ళల్లో ఒకరు హైదరాబాద్ ఇంజనీరు. డాక్టర్ ఎస్.పి. రాజు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేస్తూ, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం రాశారు. మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ వేసింది. అంతకు కొద్ది ఏళ్ళ ముందే వార్ధాలో గాంధీ అనుయాయులు మగన్ చుల్లా అనే పొయ్యి తయారుచేశారు. రాజుగారి పొయ్యికి ఆ లేబొరేటరీ పేరులోని పొడి అక్షరాలతో హెర్ల్ చుల్లా అని పేరు. మట్టితో కట్టే పొయ్యి. ఒకే మంట మీద గిన్నెలు వరసగా కూచుంటాయి, వేడి ఒకదాని కింద నించి ఇంకోదాని కిందికి పోయి, చివర గొట్టంలోంచి పొగ బయటికి పోతుంది.

అది వచ్చిన కాలం చూడండి. ఆనకట్టలు, కాలవలు, సిమెంటు ఫ్యాక్టరీల రోజులు. ఆ రోజుల్లో ఒక పెద్ద ఇంజనీరు కూచుని ఆడవాళ్ళ వంటింటి గురించి బొమ్మలు గీశాడంటే నాకు చాలా గౌరవం కలిగింది. ఈ పొయ్యితో ఇల్లాలికి అయిదు స్వేచ్ఛలు వస్తాయని ఆయన లెక్క: పొగ నించి, మసి నించి, వేడి నించి, దుబారా నించి, అగ్నిప్రమాదం నించి.

అయిదింటిలో నాలుగు ఒప్పుకుంటాను. రెండోది మాత్రం ఒప్పుకోలేను. గొట్టం పెట్టినంత మాత్రాన మసి ఎక్కడికీ పోదు. గిన్నె అడుగునా, వాసాల మీదా పట్టే మసిలో కొంత గొట్టం లోపలికి మకాం మారుస్తుందంతే. గిన్నె మసి అయితే ఎప్పటికప్పుడు తోముతారు, కళ్ళెదురుగా ఉంటుంది కనుక. గొట్టంలో మసి కనపడదు. కనపడేనాటికి పొగ వెనక్కి తిరిగి వంటింట్లోకే వస్తూ ఉంటుంది.

మా అమ్మమ్మ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. జాతీయ స్థాయిలో మెరుగైన పొయ్యిల కార్యక్రమం 1983లో మొదలైంది. 2002లో కేంద్రం దాన్ని ఆపేసేనాటికి దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. అందులో ఒకటి అమ్మమ్మ వంటింట్లో. నేను పుట్టిన ఏడాదే వచ్చిందని అమ్మ చెబుతుంది, అంటే 1988. మేస్త్రీ ఒకాయన వచ్చి ఒక పూటలో కట్టేసి, పెంకులు నాలుగు తీసి సిమెంటు గొట్టం పైకి లేపి వెళ్ళాడట. మొదటి నెల ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారట. అమ్మమ్మ వచ్చినవాళ్ళకి గొట్టం ఒకసారి ముట్టుకుని చూపించేది, వేడిగా ఉందా లేదా అని.

ఆరు నెలలకి పొగ మళ్ళీ వంటింట్లోకి రావడం మొదలైంది. గొట్టం పూడింది. దాన్ని ఎలా దులపాలో మేస్త్రీ చెప్పాడో లేదో, చెబితే ఎవరికి చెప్పాడో ఎవరికీ గుర్తులేదు. పైనించి దులపాలంటే పెంకుల మీదికెక్కాలి. పెంకుల మీదికి ఆడవాళ్ళు ఎక్కరు. మావయ్యలు ఎక్కొచ్చు గానీ పెంకులు పగులుతాయని తాతయ్య ఒప్పుకోలేదు. పెంకులు నేసేవాణ్ణి పిలవొచ్చు, కానీ ఏడాదికోసారి వానలకి ముందు ఇల్లు నేయించడానికే కూలి దండగ అనుకునే రోజులవి. కింద నించి దులపాలంటే పొయ్యి చల్లారాలి, మసంతా వంటింట్లోనే రాలుతుంది, మళ్ళీ కడుక్కోవాలి. ఆ పని అమ్మమ్మ కొబ్బరీనెల చీపురుని వెదురుకి కట్టి రెండు మూడు సార్లు చేసిందట. సంక్రాంతికి బూజులు దులిపే రోజున దాన్నీ ఒక పనిగా కలిపింది. నెలకోసారి చెయ్యాల్సింది ఏడాదికోసారికి దిగింది. తరవాత గొట్టం పీకేశారు. ఆ సిమెంటు గొట్టం చాలా ఏళ్ళు నూతి దగ్గర నీళ్ళు అరటి చెట్లలోకి పోవడానికి పనికొచ్చింది. ఆ అరటి చెట్లు మాత్రం బాగా కాశాయి.

పొయ్యి కట్టడానికి సర్కారు డబ్బిచ్చింది. దులపడానికి ఎవరూ ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు: కొత్త ఫీచర్‌కి బడ్జెట్ ఉంటుంది, లాంచ్ రోజున కేకు ఉంటుంది, మెయింటెనెన్స్ అనేది మాత్రం ఎవడో ఒకడు శనివారం చేసుకోవాలి.

ఇది మా ఇంటి ఒక్కదాని గొడవ కాదని తరవాత తెలిసింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డుఫ్లో, ఆవిడతో పాటు మైకేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నా కలిసి మన పక్కనే ఒడిశాలో 44 గ్రామాల్లో, రెండున్నర వేల పైచిలుకు కుటుంబాల మీద ఒక పరిశోధన చేశారు. పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిల్ని లాటరీ పద్ధతిలో కొందరికి ముందూ, కొందరికి తరవాతా కట్టించారు. మట్టీ చాకిరీ, మేస్త్రీకి ఇచ్చే చిన్న మొత్తం ఇంటివాళ్ళవి, మిగతాది ప్రాజెక్టుది. మొదటి ఏడాది వంటచేసేవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. తరవాత ఆ తేడా మాయమైపోయింది. ఊపిరితిత్తుల పరీక్షల్లో ఫలితం ఏమీ కనిపించలేదు. కారణం: పొయ్యిల్ని సరిగ్గా వాడలేదు, బాగుచేసుకోలేదు, గొట్టాలు దులుపుకోలేదు. 2012లో వచ్చిన ఆ పరిశోధన పత్రం పేరులోనే 'ఇంటివాళ్ళ ప్రవర్తన' అన్న అర్థం వచ్చే మాట ఉంది.

చాలా మంచి పరిశోధన. అయినా ఆ మాట దగ్గర నాకు మనసొప్పదు. 'ఇంటివాళ్ళు' అంటే ఎవరు? మా అమ్మమ్మ ఇంట్లో పెంకులెక్కనివ్వనిది ఒకరు, దగ్గేది ఇంకొకరు. కూలి డబ్బు ఒకరి చేతిలో, ఊదుగొట్టం ఇంకొకరి చేతిలో. ఆ ఇద్దర్నీ కలిపి ఒక్క మాటలో చెప్పేస్తే, దులుపుకోని తప్పు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో తెలిసిందే.

*

సరే, మనవాళ్ళకి గొట్టం చూసుకోవడం అలవాటు లేదేమో, చాతకాదేమో అనుకుందామా అంటే, అదీ కాదు. దానికి గోదావరి దాటి పశ్చిమానికి, డెల్టా వదిలి మెట్టకి పోవాలి. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం. వర్జీనియా పొగాకు దేశం. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. మా పిన్నివాళ్ళది దేవరపల్లి దగ్గర పల్లెటూరు, బాబాయి పొగాకు రైతు.

ఆ పొగాకుని ఫ్లూ క్యూర్డ్ వర్జీనియా అంటారు. ఫ్లూ అంటే పొగగొట్టమే. బ్యారన్ అనేది ఎత్తుగా కట్టిన గది. కర్రలకి అల్లిన పచ్చి ఆకుని దానిలో అంతస్తులు అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట కొలిమిలో కట్టెలు కాలతాయి. పొగ రేకు గొట్టాల్లోంచి గది అడుగున చుట్టూ తిరిగి చిమ్నీలోంచి బయటికి పోతుంది. గొట్టాల వేడి ఆకుకి తగలాలి, పొగ మాత్రం తగలకూడదు. తగిలితే ఆకు రంగూ వాసనా చెడి వేలంలో ధర పడిపోతుంది. పేరులోనే పొగ ఉన్న ఆకు, దానికి పొగ పడదు.

అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట ఆరకూడదు. గొట్టం తుప్పుపట్టి ఎక్కడైనా చిల్లిపడితే రవ్వ ఆకు మీద పడుతుంది. 'పొగాకు బ్యారన్ దగ్ధం' అన్న వార్త సీజన్‌లో జిల్లా పేజీ చదివేవాళ్ళకి మామూలే. అందుకని సీజన్‌కి ముందు బాబాయి గొట్టాలన్నీ విప్పిస్తాడు. మసి దులిపించి, ఒక్కొక్క ముక్కనీ పొద్దుటెండకి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి లోపలికి చూస్తాడు. చిల్లి ఉంటే చుక్కలా వెలుగు కనపడుతుంది. చిన్నప్పుడు సెలవలకి వెళ్తే ఆ చూసే పని నాకూ ఇచ్చేవాడు, నేను దాన్ని టెలిస్కోపు అనుకునేవాణ్ణి. డాలస్‌లో కెమెరా దింపి చేసే తనిఖీ, దేవరపల్లిలో ఎండతో ముప్ఫయ్యేళ్ళ కిందటే చేశాం. పాడైన గొట్టాల బదులు కొత్తవి, రేకుపని చేసేవాడి కూలి, దులిపినవాళ్ళ కూలి, అన్నీ బాబాయి చిట్టాపుస్తకంలో 'బ్యారన్ రిపేరు' అన్న పద్దు కింద ఎక్కేవి.

అదే ఆవరణలో, ఆ బ్యారన్‌కి నలభై అడుగుల దూరంలో పిన్ని వంటిల్లు. దానికి పొగగొట్టం లేదు. పాత గొట్టం ముక్క ఒకటి పొయ్యి మీద పెట్టించమని పిన్ని అడిగిందట ఒక ఏడాది. చిల్లులు పడ్డ గొట్టం దేనికే అన్నాడట బాబాయి. ఆయన చెడ్డవాడు కాదు, పిన్నికి జ్వరమొస్తే రాత్రికి రాత్రి మోటారుసైకిల్ మీద నిడదవోలు తీసికెళ్ళిన మనిషి. ఆకు పొగచూరితే ఎంత నష్టమో వేలం ప్లాట్‌ఫారం మీద కిలోకి ఇంతని అదే రోజు చెబుతారు. ఊపిరితిత్తి పొగచూరితే వేలం పాడేవాళ్ళు లేరు.

*

అమ్మమ్మకి ఆయాసం మొదలయ్యాక కాకినాడలో ఒక డాక్టరు దగ్గరికి తీసికెళ్ళారు. ఆయన ఎక్స్‌రే చూసి, "చుట్ట కాలుస్తారా మామ్మగారూ?" అని అడిగాడట. మా వైపు ముసలమ్మలు కొందరు కాలుస్తారు కనక ఆ ప్రశ్నలో తప్పులేదు. అమ్మమ్మకి కోపమొచ్చింది. జన్మలో చుట్ట ముట్టలేదు. ఇంటికొచ్చేదాకా బస్సులో అదే మాట, నన్ను చుట్ట కాలుస్తావా అంటాడా అని. ఆ తరవాత మందులకీ, ఇన్‌హేలర్లకీ, చివరి రెండేళ్ళు ఆక్సిజన్ సిలిండర్లకీ అయిన డబ్బు మావయ్య లెక్క రాసి పెట్టాడు. గొట్టం దులిపించని యాభై ఏళ్ళ బిల్లు అక్కడొచ్చింది, వడ్డీతో.

ఇక్కడ గ్యాసు సంగతి ఎత్తకుండా ఉండలేను, ఎందుకంటే కోనసీమ కింద ఉన్నదే గ్యాసు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి మంట లేచింది. అరవై అయిదు రోజులు ఆరలేదు. నాకప్పుడు ఏడో ఏడు. అమ్మమ్మగారి ఊరి నించి రాత్రిళ్ళు ఆ దిక్కున ఆకాశం ఎర్రగా కనిపించేది. వంటింట్లో తడి డొక్కలు ఊదుతూ ఆవిడ కూడా ఆ వెలుగు చూసింది. ఇంట్లోకి గ్యాసుపొయ్యి ఇంకో ఏడాదికి వచ్చింది. 1999లో రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం పెట్టి పేద ఇళ్ళ ఆడవాళ్ళకి కనెక్షన్లిచ్చింది. డిపాజిట్టు సర్కారు కట్టింది, సిలిండరు అయిపోతే మళ్ళీ కొనుక్కోవడం ఇంటివాళ్ళ పని. మళ్ళీ అదే కథ: మొదటి రోజు ఖర్చుకి పథకం, రోజూ ఖర్చుకి మీరే. అందుకే చాలా ఇళ్ళల్లో గ్యాసు మీద కాఫీ, కట్టెల మీద అన్నం. అమ్మమ్మ కొనగలిగి కూడా అలాగే చేసింది. ఇప్పుడు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని 2024లో మొదలుపెట్టిన రెండో దీపం పథకం, ఆలస్యంగానైనా ఆ రెండో ఖర్చుని పట్టించుకున్నట్టే కనిపిస్తోంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గ్యాసు గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొద్దున్నే టీ పొయ్యి వెలిగించినప్పుడు అంటుకుందని ఊళ్ళో చెప్పుకున్నారు. విచారణలో తేలింది ఏమిటంటే, పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు పంపారు, ఆ తేమకి గొట్టం లోపలి నించి తినేసుకుపోయింది. పైకి ఏమీ కనపడలేదు. అమ్మ ఆ వార్త టీవీలో చూస్తూ, వాళ్ళూ దులుపుకోలేదా అంది. ఇంజనీరుగా ఆవిడ మాటని సరిదిద్దబోయి ఊరుకున్నాను.

దసరా సెలవలు అయిపోయే ముందు రోజు ఇంకో ఇద్దరు మనుషుల్ని పిలిపించి మా ఫ్లాట్ గొట్టం తీయించాను. గోడలోంచి యుటిలిటీ బాల్కనీ దాటి బయటికి పోతుంది. మూడో మలుపు దగ్గర జిడ్డు అరంగుళం మందాన గట్టిపడి ఉంది, చివర పావురం గూడు, అందులో గుడ్లు లేవు గానీ పుల్లలు నిండా ఉన్నాయి. పన్నెండేళ్ళుగా ఆ మోటారు తిరుగుతూనే ఉంది, పొగ ఎంతవరకు పోయిందో తెలీదు. గొట్టం ముక్కలు బాల్కనీలో పెట్టి కడుగుతుంటే అమ్మ ఒక ముక్క తీసుకుని ఎండకి ఎదురుగా పట్టి లోపలికి చూసింది. ఇది బాబాయి దగ్గర నేర్చుకున్నదే అయి ఉంటుంది.

2,200 అన్నారు. నేను ఫోన్ తీసేలోపు అమ్మ లోపలికెళ్ళి పర్సు తెచ్చింది. ఈసారి బేరం ఆడలేదు. నాలుగు అయిదువందల నోట్లు, రెండు వందనోట్లు లెక్కపెట్టి ఇచ్చి, మళ్ళీ ఎప్పుడు రావాలో క్యాలెండరు మీద రాయించుకుంది.